కొత్త కారవాన్ తాళాలు తీసుకునే ముందు ఏమేం చూసుకోవాలి

మామూలు కారు కొనేటప్పుడు డెలివరీకి ముందు పీడీఐ, అంటే బండి మొత్తం తనిఖీ, చేయించుకోవాలని ఇప్పుడు అందరికీ తెలుసు. కారవాన్‌కి అది సరిపోదు. ఎందుకంటే ఇల్లులా పడుకోవడానికి, వండుకోవడానికి వీలుగా కట్టే ఈ బండిని ఇద్దరు తయారు చేస్తారు. ఇంజను, చాసిస్ (బండి కింది ఫ్రేము), చక్రాలు, బ్రేకులు కంపెనీవి. లోపలి మంచాలు, వంటగట్టు, బాత్రూము, నీళ్ల ట్యాంకులు, పైన ఏసీ, బ్యాటరీలు బాడీ బిల్డర్ పని. చాసిస్ అమ్మిన డీలర్ తన చెక్‌లిస్టులో ఆయిల్, లైట్లు, బ్రేకులు చూసి సంతకం పెడతాడు. బాడీ బిల్డర్ తన చెక్క పని, పెయింటు చూసుకుంటాడు. ఏసీ కోసం పైకప్పుకి కోసిన రంధ్రం, చాసిస్‌కి వేలాడదీసిన ట్యాంకు, కంపెనీ వైరింగ్‌కి కలిపిన కొత్త వైరు, ఇవి మాత్రం ఎవరి లిస్టులోనూ ఉండవు. కొత్త కారవాన్‌లో తలనొప్పులు ఎక్కువగా పుట్టేది అక్కడే. మీ టైమంతా అక్కడే ఖర్చు పెట్టండి.

ముహూర్తం రోజు వద్దు

డెలివరీ రోజున బండి చెక్ చేయడం కుదరదు. కొబ్బరికాయ, నిమ్మకాయలు, ఫొటోలు, వెనక దుర్ముహూర్తం వచ్చేస్తోందని పెద్దవాళ్ల తొందర. ఆ గోలలో ట్యాంకు కింద దూరి వాల్వు చూస్తానంటే ఇంట్లోవాళ్లే ఊరుకోరు. అందుకని కనీసం వారం ముందు ఒక పూర్తి రోజు అడగండి. అష్టమి, నవమి, అమావాస్య నాడు షోరూంలో జనం ఉండరు, మెకానిక్కులు ఖాళీగా దొరుకుతారు. చెకింగుకి అంతకంటే మంచి రోజు లేదు.

ఉదయం ఎనిమిదికల్లా వెళ్లండి. వెలుతురు ఉండాలి, మిట్టమధ్యాహ్నం ఎండ కూడా తగలాలి. ఆ ఎండతో పనేమిటో తర్వాత చెప్తాను. వెంట తీసుకెళ్లాల్సినవి: టార్చి, మల్టీమీటర్, కరెంటు టెస్టర్, కొలిచే టేపు, సబ్బు నీళ్ల స్ప్రే సీసా, రంగు మాస్కింగ్ టేపు, కింద పడుకోవడానికి ఒక పాత గోనె. తెలిసిన ఎలక్ట్రీషియన్ ఒకరు, బస్సు మెకానిక్ ఒకరు వెంట ఉంటే ఇంకా మంచిది. వాళ్లకిచ్చే కూలి దండగ కాదు.

'అన్నీ చూసేసినాం సార్, మీరేం టెన్షన్ పడబాకండి' అని డీలర్ దగ్గర కుర్రాడు అంటాడు. అబద్ధం చెబుతున్నాడని కాదు, తనకు అప్పగించినంత వరకు చూసే ఉంటాడు. ఆ షీటు కాపీ అడిగి తీసుకోండి. అందులో టిక్కులు మాత్రమే ఉంటే దాన్ని నమ్మకండి. టైరు గాలి ఎంత, బ్యాటరీ వోల్టేజి ఎంత అని అంకెలు రాసి ఉంటే ఎవరో నిజంగా కొలిచారని అర్థం.

కాగితాలు ముందు, బండి తర్వాత

బండి చూశాక మనసు దాని మీద పడిపోతుంది, కాగితాల్లో లోపం కనిపించినా సర్దుకుపోతాం. అందుకే ఇది ముందు.

బాడీ వేరే చోట కట్టిన బండికి ఫారం 22-ఏ ఉంటుంది. దానికి రెండు భాగాలు. మొదటిది చాసిస్ తయారీదారు ఇస్తాడు, రెండోది బాడీ బిల్డర్ ఇస్తాడు. రెండు భాగాల్లోనూ సంతకాలు ఉన్నాయా, చాసిస్ నంబరు రెండింట్లో ఒకటేనా చూడండి. దానితోపాటు సేల్ సర్టిఫికెట్, అంటే ఫారం 21, ఉండాలి. మన దేశంలో కారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. మీరు కొంటున్న మోడల్‌కి దాని కింద టైప్ అప్రూవల్ (మోడల్‌ని పరీక్షించి ఇచ్చే ఆమోదం) ఉందా అని నేరుగా అడగండి. పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి టెస్టింగ్ సంస్థలు ఇచ్చిన సర్టిఫికెట్ కాపీ చూపించమనండి. 'అవన్నీ మేం చూసుకుంటాం' అనే మాట దగ్గర ఆగిపోకండి. రేపు రవాణా శాఖ ఆఫీసులో నిలబడాల్సింది మీరే.

ఇంకో దారి కూడా చాలామంది చెబుతారు: ముందు మామూలు టెంపో ట్రావెలర్‌గా రిజిస్టర్ చేయించి, తర్వాత లోపల మార్పించుకోవడం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం రిజిస్టరైన బండిలో అలాంటి మార్పులు చేయాలంటే అనుమతి కావాలి. అనుమతి లేకుండా మార్చిన బండికి యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ తిప్పికొట్టడానికి అదొక్కటి చాలు. నా మటుకు నేను ఆ దారి ఎవరికీ చెప్పను.

సొంతానికా, అద్దెకా అన్నది కూడా ఇప్పుడే తేల్చండి. అద్దెకు తిప్పాలంటే పసుపు ప్లేటు, పర్మిట్, ఫిట్‌నెస్ అన్నీ వేరు. సొంత బండిగా తీసుకుని పెళ్లిళ్లకు అద్దెకు ఇద్దాంలే అనుకోవద్దు. ఇన్సూరెన్స్‌లో బండి విలువ కింద చాసిస్ ధర ఒక్కటే వేస్తున్నారా, బాడీ కట్టిన ఖర్చు కూడా కలిపారా? రెండు ఇన్వాయిసులూ చూపించి కలిపించండి.

చాసిస్ వయసు వేరు, ఇంటి వయసు వేరు

చాసిస్ ఫ్యాక్టరీ నుంచి వచ్చి బాడీ బిల్డర్ యార్డులో నెలల తరబడి ఎండకు, వానకు నిలబడి ఉండొచ్చు. చాసిస్ నంబరులో పదో అక్షరం చాలా కంపెనీలకు తయారైన సంవత్సరం చెబుతుంది: ఆర్ అంటే 2024, ఎస్ అంటే 2025, టి అంటే 2026. టైరు పక్కన నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 1825 అని ఉంటే 2025లో 18వ వారం. స్టెప్నీతో సహా అన్ని టైర్లూ చూడండి, ఒక్క టైరు మాత్రం పాతది ఉంటే ఎందుకని అడగండి.

చాసిస్ వారంటీ ఏ తేదీ నుంచి మొదలైందన్నది చాలామంది అడగని ప్రశ్న. చాసిస్‌ని బాడీ బిల్డర్‌కి అమ్మిన రోజు నుంచి లెక్క వేస్తే, మీ చేతికి వచ్చేసరికి కొన్ని నెలలు కరిగిపోయి ఉంటాయి. మీ పేరు మీద ఇన్వాయిస్ వేసిన తేదీ నుంచి మొదలవుతుందని రాతపూర్వకంగా తీసుకోండి.

వరద నీళ్లలో నిలిచిన బండా అన్నది మన నెల్లూరు, ఒంగోలు వైపు తప్పకుండా చూడాలి. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్టే కోసుకుపోయింది, హైవే మీద రాకపోకలు ఆగిపోయాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను నెల్లూరు నుంచి బాపట్ల దాకా ముంచెత్తింది. హైవే పక్కన పల్లంలో ఉండే యార్డులకు నీళ్లు రావడం వింత కాదు. డ్రైవరు సీటు కింద పట్టాల మీద తుప్పు, ఫ్లోర్ మ్యాటు కింద సన్నని ఒండ్రు, సీటు బెల్టుని చివరిదాకా లాగితే మురికి గీత కనిపిస్తే ఇక ఆ బండి వద్దు. బేరం కూడా ఆడకండి.

పైకప్పు మీద నీళ్లు పోయండి

ఈ పనికి గంటన్నర పడుతుంది. డీలర్‌కి అస్సలు నచ్చదు. ఈ ఒక్క టెస్టు చేయనివ్వకపోతే బండి తీసుకోవద్దని చెప్తాను.

వాటర్ వాష్ చేసి తెచ్చాం, లీకు లేదు అంటారు. ప్రెషర్ వాష్‌లో నీళ్లు గోడకి కొట్టుకుని ఎగిరిపోతాయి. వాన అలా కురవదు, అతుకు మీద నిలిచి నెమ్మదిగా లోపలికి దిగుతుంది. కాబట్టి మామూలు తోట పైపు చాలు. కింది నుంచి పైకి వెళ్లండి: ముందు కిటికీల కింది అంచులు, తర్వాత కిటికీల పైభాగం, తర్వాత పైన చిన్న లైట్లు బిగించిన చోట్లు, చివరికి పైకప్పు మీద ఏసీ, వెంటిలేటర్, సోలార్ పలకల చుట్టూ. ఒక్కోచోట పది నిమిషాల పాటు నీళ్లు పారనివ్వాలి. ముందే పైనుంచి మొదలుపెడితే నీళ్లు అన్ని చోట్లకూ దిగి, లీకు ఎక్కడిదో తేలదు.

ఒకరు బయట పోస్తుంటే ఇంకొకరు లోపల టార్చితో ఉండాలి. బీరువాల లోపలి మూలలు, మంచం కింద, ఏసీ చుట్టూ ఉన్న ఫ్రేము చూడండి. తడి కనిపించకపోయినా వేలితో గట్టిగా నొక్కండి. ప్లైవుడ్ మెత్తగా లోపలికి వెళ్తే పాత తడి ఉన్నట్టు. కొత్త బండిలో కూడా ఇలా ఉండొచ్చు, యార్డులో ఒక వర్షాకాలం గడిపి ఉంటే చాలు. కనిపించిన చోటల్లా మాస్కింగ్ టేపు ముక్క అంటించి ఫొటో తీయండి.

'కాస్త సిలికాన్ రాస్తే సరిపోతుంది' అంటారు. సరిపోదు. పాత సీలెంట్ మొత్తం గీకేసి, ఆరనిచ్చి, కొత్తది వేయాలి. పైన పైన పూస్తే మే నెల ఎండకు అది పగిలి లేచిపోతుంది.

లోపలి నీళ్లు

మంచినీళ్ల ట్యాంకు నిండా నింపించండి. పంపు ఆన్ చేసి అన్ని కుళాయిలూ ఒకేసారి విప్పి, గాలి పోయాక కట్టేయండి. ఇప్పుడు పంపు ఆగిపోవాలి, ఆగి మౌనంగా ఉండాలి. ఏ కుళాయీ విప్పకుండానే నాలుగైదు నిమిషాలకొకసారి పంపు దానంతటదే గుర్రుమంటుంటే ఎక్కడో కారుతోందని అర్థం. కంటికి కనిపించని లీకుని ఈ చప్పుడు పట్టిస్తుంది. అందుకే ఆ కాసేపు ఇంజను, ఏసీ ఆపించి, అందర్నీ బయటికి పంపి, మీరొక్కరే లోపల కూర్చుని వినండి.

తర్వాత సింకు మూసి నింపి, ఒక్కసారిగా వదలండి. కింద పైపు జాయింట్ల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. బాత్రూములో ఒక బకెట్ నీళ్లు పోసి, నీళ్లు రంధ్రం వైపు పోతున్నాయా, మూలన నిలుస్తున్నాయా గమనించండి. వాడిన నీళ్ల ట్యాంకు, లెట్రిన్ ట్యాంకు వాల్వులు తెరిచి మూయండి. ఆ వాల్వులు బండి కింద ఎంత ఎత్తులో ఉన్నాయో కొలవండి. మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్లకు కాస్త కిందికి వేలాడినదేదైనా తగులుతుంది, లెట్రిన్ వాల్వు తగిలితే ఇక చెప్పనక్కర్లేదు.

టెస్టు అయ్యాక ట్యాంకు ఖాళీ చేయించండి. తీరం వెంబడి చాలా ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, కనిగిరి వైపు ఫ్లోరైడు. అవి నెలలు నిలవ ఉంటే పంపు, గీజర్ రెండూ దెబ్బతింటాయి. పంపు ముందు ఫిల్టర్ ఉందో లేదో చూడండి, విప్పి కడిగేలా చేతికి అందాలి.

కరెంటు: లెక్క మీరే వేయండి

'రాత్రంతా బ్యాటరీ మీద ఏసీ వేసుకోవచ్చు సార్' అన్న మాట వినగానే క్యాలిక్యులేటర్ తీయండి. 12 వోల్టుల 200 ఏహెచ్ (యాంపియర్-అవర్) లిథియం బ్యాటరీలో సుమారు 2,500 వాట్-అవర్లు ఉంటాయి. ఏసీ వెయ్యి వాట్లు లాగినా రెండు గంటలు, రెండున్నర గంటలు. అదే మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే సగం కంటే ఎక్కువ వాడితే దాని ఆయుష్షు పోతుంది, కాబట్టి గంట, గంటంపావు. రాత్రంతా కావాలంటే బ్యాటరీలు అనేక రెట్లు ఉండాలి, లేదా బయటి ప్లగ్గో జనరేటరో ఉండాలి. ఎన్ని ఏహెచ్, ఏ రకం అన్నది బిల్లులో రాయించండి.

లెక్క అయ్యాక నిజంగా నడిపించండి. ప్లగ్గు పీకేసి, బ్యాటరీ మీద మధ్యాహ్నం ఎండలో ఏసీ వేయండి. ఇందుకే మిట్టమధ్యాహ్నం కావాలన్నాను. లోపల ఎంతసేపటికి చల్లబడింది, ఎంతసేపటికి బ్యాటరీ చేతులెత్తేసింది రాసుకోండి. ఆ ఎండకే సన్‌మైకా జిగురు వదిలి అంచులు లేస్తున్నాయా కూడా తెలుస్తుంది.

మల్టీమీటర్‌తో బ్యాటరీ దగ్గర వోల్టేజి చూడండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండా చార్జయి కాసేపు ఊరికే ఉంటే 12.6, 12.7 చూపాలి. 12.2 ఉంటే సగమే ఉన్నట్టు. ఫ్రిజ్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర ఒకసారి, ఫ్రిజ్ వైరు దగ్గర ఒకసారి కొలవండి. అర వోల్టుకు మించి తేడా ఉంటే సన్న వైరు వేసి డబ్బు మిగుల్చుకున్నారు. సన్న వైరు వేడెక్కుతుంది, కారవాన్లలో మంటలకు ఇదొక కారణం. ఇంజను స్టార్ట్ చేసినప్పుడు లోపలి ఏసీ, ఫ్రిజ్ నడిపే బ్యాటరీ వోల్టేజి పెరుగుతోందా కూడా చూడాలి. పెరగకపోతే, ప్రయాణంలో చార్జ్ అవుతుందని చెప్పింది ఉత్తమాటే.

బయటి ప్లగ్గు పెట్టాక ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్చు) మీద ఉన్న టెస్ట్ బటన్ నొక్కండి. టక్కున పడిపోవాలి. పడకపోతే ఆ రోజు చెకింగ్ అక్కడితో ఆపేయండి, బండి బాడీకి కరెంటు వస్తే కాపాడాల్సింది అదే. వైర్లు ఇనుప రేకు గుండా దూరే ప్రతిచోటా రబ్బరు బుష్ ఉండాలి. లేకపోతే రోడ్డు కుదుపులకు రేకు అంచు వైరు తోలు ఒలుస్తుంది. ఇది మీ ఎలక్ట్రీషియన్‌కి వదిలేయండి, కింద పడుకుని చూసే పని.

గ్యాస్ స్టవ్ ఉన్న బండి అయితే, సిలిండర్ గది లోపలి ఇంటికి పూర్తిగా మూసి, బయటికి కింది వైపు గాలి రంధ్రాలు ఉండాలి. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, కిందికే దిగుతుంది. గొట్టం నుంచి స్టవ్ దాకా ప్రతి జాయింటు మీదా సబ్బు నీళ్లు కొట్టి బుడగలు చూడండి. అసలు అడిగితే ఇండక్షన్ పెట్టుకోమంటాను, ఈ బాధంతా ఉండదు.

కాటా ఎక్కించండి

మన దగ్గర దీనికి కొదవ లేదు. కృష్ణపట్నం పోర్టు రోడ్డులో, రైస్ మిల్లుల దగ్గర, చీమకుర్తిలో గ్రానైట్ లారీలకు వేబ్రిడ్జిలు ఉన్నాయి. నీళ్ల ట్యాంకు నిండుగా, డీజిల్ నిండుగా, మనుషులు లేకుండా తూకం వేయించి చీటీ తీసుకోండి. తర్వాత వెనక చక్రాలు మాత్రం కాటా మీద పెట్టి ఇంకో చీటీ.

చాసిస్ ప్లేటు మీద మొత్తం బరువు పరిమితి, అంటే జీవీడబ్ల్యూ, రాసి ఉంటుంది. ఇప్పుడు కూడండి: ఆరుగురు మనుషులు 65 కిలోల చొప్పున 390, సామాన్లు, బియ్యం, దుప్పట్లు ఓ వంద కిలోలు. దాదాపు ఐదు వందల కిలోలు. కాటా చీటీకి ఇది కలిపితే జీవీడబ్ల్యూ దాటుతోందా? దాటితే ఆ బండి మీ కుటుంబాన్ని ఎక్కించుకోకముందే ఓవర్‌లోడ్. బాడీ బిల్డర్లు మార్బుల్ లాంటి గట్లు, మందపాటి ప్లైవుడ్ వేసి దర్జాగా చూపిస్తారు. ఆ దర్జా అంతా బ్రేకులే మోయాలి. వెనక ఇరుసు పరిమితి దాటినా అంతే, మొత్తం బరువు సరిపోయినా ఒప్పుకోకండి.

కుడి, ఎడమల తేడాకి చదునైన చోట నిలబెట్టి, నేల నుంచి చక్రం పైన ఉన్న బాడీ అంచు దాకా రెండు వైపులా టేపుతో కొలవండి. బ్యాటరీలు, ట్యాంకు అన్నీ ఒకే వైపు పెడితే బండి ఒరిగి ఉంటుంది.

ఎత్తు కూడా కొలవండి, పైన ఏసీతో కలిపి. ఆ అంకె కాగితం మీద రాసి డ్రైవరు ముందు అంటించండి. నెల్లూరులో విజయమహల్ గేటు, మాగుంట లేఅవుట్ దగ్గర రైలు కింది దారుల్లో దూరే ముందు ఆ అంకె గుర్తుండాలి.

రోడ్డు మీద

షోరూం చుట్టూ ఒక రౌండు కొట్టి టెస్ట్ డ్రైవ్ అయిందనుకోకండి. ఒంగోలు వాళ్లయితే చీమకుర్తి, పొదిలి వైపు వెళ్లండి, గ్రానైట్ లారీల రోడ్డు కంటే మంచి పరీక్ష దొరకదు. నెల్లూరు వాళ్లు కొంచెం హైవే, కొంచెం లోపలి పల్లె రోడ్డు. ఒకరు వెనక కూర్చుని వినాలి: బీరువా తలుపులు తెరుచుకుంటున్నాయా, ఫ్రిజ్ కదులుతోందా, పైన ఏసీ దడదడమంటోందా. ఖాళీ రోడ్డు చూసి గట్టిగా బ్రేకు వేయండి, లోపలివి ఏవి ఊడి ముందుకు వస్తాయో తెలుస్తుంది. వెనక సీట్ల బెల్టులు చాసిస్‌కి బిగించారా, చెక్క పెట్టెకి బిగించారా అని కింద నుంచి చూడండి. చెక్కకి బిగించిన బెల్టు ఫొటోకి మాత్రమే పనికొస్తుంది.

తిరిగి వచ్చాక కింద ఏమైనా కారుతోందా, చక్రాల హబ్బుల్లో ఒకటి మిగతావాటి కంటే ఎక్కువ వేడెక్కిందా చూసి, వీల్ నట్లు టార్క్ రెంచ్‌తో మళ్లీ బిగించమనండి.

లోపాల లిస్టు, డబ్బు

దొరికిన లోపాలన్నీ ఒకే కాగితం మీద, ఫొటోలతో, ఏది ఎప్పటిలోగా చేస్తారో రాసి సంతకం, స్టాంపు వేయించండి. వాట్సాప్‌లో కూడా పంపండి. లోన్ ఉంటే అసలు పట్టు అక్కడే ఉంది: బ్యాంకు డబ్బు నేరుగా డీలర్ ఖాతాకి వెళ్తుంది. పనులు పూర్తయ్యాయని మీరు చెప్పేదాకా డబ్బు విడుదల చేయొద్దని బ్యాంకు వాళ్లకి ముందే లెటర్ ఇవ్వండి. చాసిస్ డీలర్, బాడీ బిల్డర్ ఒకరి మీద ఒకరు నెట్టుకుంటే, మీరు ఎవరికి డబ్బు కట్టారో, ఎవరి ఇన్వాయిస్ మీ దగ్గర ఉందో వాళ్లనే పట్టుకోండి.

మాట వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్, కొన్న ధర 50 లక్షల లోపు ఉంటే అక్కడే. అయితే వ్యాపారం కోసం కొన్నవాళ్లని చట్టం వినియోగదారుడిగా చూడదు. ఒక్క బండి పెట్టుకుని సొంతంగా బతుకుతెరువు కోసం నడుపుకునేవాళ్లకి మినహాయింపు ఉంది. ఐదారు బండ్ల ట్రావెల్స్ వాళ్లు ఇది ముందే లాయర్‌తో మాట్లాడుకోవాలి.

ఎండాకాలంలో డెలివరీ తీసుకునేవాళ్లకి ఇంకొకటి. మనకి వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలో పడుతుంది. బాడీ బిల్డర్ ఆరు నెలల లీకు వారంటీ ఇస్తే, ఏప్రిల్‌లో కొన్న బండికి అది మొదటి తుపాను సమయానికే అయిపోతుంది. లీకు వారంటీ మాత్రం జనవరి దాకా రాయించుకోండి, సెప్టెంబరు చివర్లో పైకప్పు సీలెంట్ ఒకసారి ఉచితంగా చూసిపెట్టాలన్న మాట కూడా అదే కాగితంలో వేయించండి.